విట్-105 పట్టీకి ఒక కొస నీలం, ఇంకో కొస బంగారు రంగు: పైకి తేలింది రాగేనా?

సన్నరేకు:
నమస్కారం అందరికీ. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

రాగి అచ్చులో పోసిన విట్-105 పట్టీ ఒకటి ఉంది నా దగ్గర. ఇది మెటాలిక్ గ్లాస్, అంటే పరమాణువులు స్ఫటికంగా పేరుకోకముందే చల్లార్చి గాజులా గడ్డకట్టించిన మిశ్రలోహం. పరమాణు శాతాల్లో జిర్కోనియం 52.5, రాగి 17.9, నికెల్ 14.6, అల్యూమినియం 10, టైటానియం 5. పొడవు నాలుగు సెంటీమీటర్లు, వెడల్పు ఒకటి. అద్దంలా పాలిష్ చేసి, పోతలో మిగిలిన బిగువు సడలుతుందని ట్యూబ్ ఫర్నేస్‌లో 380 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. ఆర్గాన్ నిమిషానికి 200 మిల్లీలీటర్ల చొప్పున పారుతూనే ఉంది, 99.99 సిలిండరే. వెండిలా లోపలికి వెళ్లింది, నెమలీకలా బయటికొచ్చింది! ఒక కొస ముదురు నీలం, నడుమ వంగపండు రంగు, రెండో కొస లేత బంగారు రంగు. ఏ రంగు ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించలేను, అంత నున్నగా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. మూడు చోట్ల మాత్రం సూదిమొనంత చుక్కలు, చుట్టూ ఉన్న రంగుతో పొసగకుండా ఉన్నాయి.

అడగాల్సినవి రెండు. బంగారు రంగు అంటే రాగి పైకి తేలినట్టేనా? పట్టీ ఇక పాడైనట్టేనా?

కొత్తచేయి:
గాజులో గ్రెయిన్ బౌండరీలు (స్ఫటిక రేణువుల మధ్య సరిహద్దులు) ఉండవు కాబట్టి మెటాలిక్ గ్లాస్‌కి తుప్పే పట్టదని చదివానే. మరి ఇదేంటి?

కొలిమి_తాత:
కొత్తచేయి గారూ, ఆ మాట చాలా చోట్ల కనబడుతుంది, సగమే నిజం. బౌండరీలు లేకపోతే తుప్పు లోపలికి దిగడానికి దొడ్డిదారులు తగ్గుతాయి. అంతమాత్రాన ఆక్సిజన్ అంటే జిర్కోనియానికున్న ఆకలి ఎక్కడికి పోతుంది? పాలిష్ చేసి గాలిలో పెట్టిన క్షణాల్లోనే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కప్పేసుకుంటుంది. కంటికి కనబడదంతే. వేడిచేస్తే పెరిగి కనబడుతుంది.

సన్నరేకు గారు చెప్పిన రంగులు చూస్తే నాకు నా పని గుర్తొచ్చింది. స్టీలుకి నీరు పట్టి టెంపర్ చేసేటప్పుడు సరిగ్గా ఇవే రంగులు, ఇదే వరసలో. 230 దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర వంగపండు, 300 దగ్గర నీలం. థర్మామీటర్లు లేనప్పుడు ఉలి మొన మీద ఆ రంగు చూసే నీళ్లలో ముంచేవాళ్లు. అందుకని నా పందెం, మీ ఫర్నేస్‌లో ఒక కొస ఎక్కువ కాగింది. ట్యూబ్ ఫర్నేస్‌లో నడుమ ఉన్న వేడి చివర్ల ఉండదు.

పొరలపొరలు:
రాగి కాదండీ. రాగి పరమాణువులు సగం ఉన్న రాగి-జిర్కోనియం గాజు రిబ్బన్ కూడా వెండిలాగే ఉంటుంది. రాగికి ఎరుపు రావడానికి కారణం దాని డీ-బ్యాండ్ ఎలక్ట్రాన్లు. స్వచ్ఛమైన రాగిలో అవి 2 ఎలక్ట్రాన్ వోల్టులు దాటగానే కాంతిని మింగడం మొదలుపెడతాయి, అంటే నీలం, ఆకుపచ్చ పోయి ఎరుపు మిగులుతుంది. జిర్కోనియంతో కలిస్తే ఆ బ్యాండ్ ఇంకా లోతుకి జారిపోతుంది, ఎరుపూ పోతుంది. మీ పట్టీలో ఉన్న 17.9 శాతం రాగికి అక్కడ రంగు చూపించే అవకాశమే లేదు.

మీకు కనబడుతున్నది సబ్బు బుడగ రంగు. పైన జిర్కోనియం ఆక్సైడ్ పొర, అది పారదర్శకం. పొర పైముఖం నుంచి కొంత కాంతి వెనక్కొస్తుంది, పొరలో దూరి లోహాన్ని తాకి ఇంకొంత వస్తుంది. రెండూ ఎదురుపడి ఏదో ఒక రంగుని చంపుకుంటాయి. చచ్చిన రంగు పోగా మిగిలిందే మీరు చూసేది. లెక్క ఉజ్జాయింపుగా ఇలా వేసుకోవచ్చు: చచ్చే తరంగదైర్ఘ్యం = 4 × వక్రీభవన గుణకం × మందం. గుణకం 2.15 అనుకుంటే, 50 నానోమీటర్ల పొర దగ్గర 430 నానోమీటర్ల కాంతి, అంటే నీలం-ఊదా, పోతుంది. బంగారు రంగు మిగులుతుంది. 70 దగ్గర 600, అంటే నారింజ రంగు పోతుంది, నీలం మిగులుతుంది. రెండింటి నడుమ ఆకుపచ్చ పోయిన చోట వంగపండు. లోహం అంచు దగ్గర కాంతి కొంచెం తడబడుతుంది కాబట్టి ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతాయి, వరస మాత్రం మారదు.

అంటే మీ పట్టీ ఈ కొస నుంచి ఆ కొసకి 20 నానోమీటర్లు తేడాగా పెరిగిన పొర. వెంట్రుక మందంలో ఇది కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. ఆ తేడాని మీరు ఏ యంత్రమూ లేకుండా కంటితో కొలిచారు!

సన్నరేకు:
వరస బాగా సరిపోయింది. కానీ ఒక అనుమానం. సబ్బు బుడగైతే వాల్చి చూస్తే రంగు మారాలి కదా? నేను బాగా వాల్చి చూశాను, నీలం కొంచెం వంగపండు వైపు జరిగింది, అంతే. బంగారు రంగులో మార్పే తెలియలేదు.

పొరలపొరలు:
మంచి ప్రశ్న. సబ్బు నీళ్ల గుణకం 1.33 చిల్లర. ఇక్కడ రెండు దాటింది. కాంతి ఎంత వాలుగా వచ్చినా పొరలో దూరగానే నిలువు వైపు బాగా వంగిపోతుంది. 60 డిగ్రీల వాలు నుంచి చూసినా లోపలి దారిలో తేడా ఎనిమిది, తొమ్మిది శాతమే. 70 నానోమీటర్ల పొర మీ కంటికి 64 నానోమీటర్లదానిలా కనబడుతుంది, అంటే నీలం వంగపండు వైపు జరగాలి. మీరు చూసింది అదే.

ఇంకో చిన్న పరీక్ష చేయండి. శుభ్రమైన నీలం మీద వేలిముద్ర వేయండి. వేలి జిడ్డు పడ్డ చోట రంగు వెలవెలబోతుంది, ఆల్కహాల్‌తో తుడిస్తే మళ్లీ వస్తుంది. అద్దకపు రంగు ఇలా చేయదు.

రిబ్బన్_రోల్:
నేను ఐరన్ రకం రిబ్బన్లతో పనిచేస్తాను, ఐరన్-సిలికాన్-బోరాన్, 25 మైక్రాన్లు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్లు చుట్టి నైట్రోజన్‌లో 350 దాటించి అనీల్ చేస్తాం. సీల్ ఎక్కడైనా లీకైతే కోర్ అంచులు గడ్డి రంగుకో నీలానికో తిరుగుతాయి, లోపలి చుట్లు మెరుస్తూనే ఉంటాయి. వేడి లోపలా బయటా ఒకటే. తేడా గాలి అందడంలోనే. మా దగ్గర రంగు చూస్తే లీకు ఎటు ఉందో చెప్పేస్తాం.

కాబట్టి తాతగారి పందేనికి ఎదురు పందెం నాది. నీలం కొస ఆర్గాన్ వచ్చే వైపు ఉందా, పోయే వైపు ఉందా?

సన్నరేకు:
వచ్చే వైపు! అసలు అటు చూడాలని కూడా తోచలేదు.

కొలిమి_తాత:
చల్లటి ఆర్గాన్ వచ్చే వైపు చల్లగా ఉండాలి, నీలం రాకూడదు. నా లెక్క తిరగబడేలా ఉంది. అయినా ఒప్పుకోను, ఫర్నేస్ జోన్ ఎటు జరిగి ఉందో ఎవరికి తెలుసు? రెండో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి చూడమనండి.

రిబ్బన్_రోల్:
లెక్క వేద్దాం. 50 నానోమీటర్ల జిర్కోనియా (అదే, జిర్కోనియం ఆక్సైడ్) ఒక చదరపు సెంటీమీటరు మీద ఉంటే దాని బరువు సుమారు 29 మైక్రోగ్రాములు. అందులో ఆక్సిజన్ నాలుగో వంతు పైచిలుకు, అంటే ఏడున్నర మైక్రోగ్రాములు. ఆర్గాన్‌లో ఆక్సిజన్ 10 పీపీఎం, అంటే పది లక్షల్లో 10 వంతులు, ఉందనుకోండి. ఆ ఏడున్నర మైక్రోగ్రాములు ఎంత ఆర్గాన్‌లో దొరుకుతాయో తెలుసా? అర లీటరు చిల్లరలో.

మీ పట్టీ రెండు ముఖాలూ కలిపి 8 చదరపు సెంటీమీటర్లు. మొత్తం పట్టీకి బంగారు రంగు వేయడానికి నాలుగున్నర లీటర్లు చాలు. మీరు గంటలో పంపింది 12 లీటర్లు. 99.99 అంటే మిగతా అన్నీ కలిపి 100 పీపీఎం వరకు ఉండొచ్చని అర్థం, అందులో ఆక్సిజన్ 10 ఉంటే ఆశ్చర్యం లేదు. పైగా ట్యూబు గోడలకి పట్టిన తేమ, రబ్బరు పైపులోంచి దూరే గాలి వేరే.

మీరు "ఆర్గాన్‌లో వేడిచేశా" అంటున్నారు. పట్టీ మాత్రం "నాకు గంటసేపు ఆక్సిజన్ వడ్డించారు" అంటోంది. ముందు పంక్తిలో కూర్చున్న కొస కడుపునిండా తింది, వెనక కొసకి మిగిలిందే దక్కింది.

కొత్తచేయి:
😂 వడ్డన పోలిక అదిరింది. మరి ఆక్సైడ్ జిర్కోనియందే అయితే రాగి, నికెల్ ఏమవుతాయి?

పొరలపొరలు:
ఆక్సిజన్‌కి ముందు దొరికేది జిర్కోనియం, అల్యూమినియం, టైటానియం. రాగి, నికెల్ వెనకబడతాయి. పొర పైకి పెరుగుతుంటే దాని కిందే, లోహం సరిహద్దు దగ్గర, అవి పోగుపడతాయి. ఎక్స్‌పీఎస్‌లో (పైపొరలో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్-రే పరీక్ష) పొరని కొంచెం కొంచెం చెక్కుకుంటూ పోతే ఇది తేటగా కనబడుతుంది: పైన జిర్కోనియం, అల్యూమినియం ఆక్సైడ్లు, అవి దాటగానే రాగి, నికెల్ గీతలు ఎగబాకుతాయి.

కానీ ఎక్కువసేపు, ఎక్కువ వేడిలో, గాలిలో ఉంచితే కథ మారుతుంది. రాగి పొరని దాటుకుని పైకొచ్చి కాపర్ ఆక్సైడ్ అవుతుంది. అప్పుడు సబ్బు బుడగ రంగులుండవు, నల్లగానో బూడిదగానో మొద్దుబారుతుంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు తలకిందులు: రాగి పైకి వస్తే బంగారు రంగు రాదు, ఉన్న మెరుపు కూడా పోతుంది.

నగిషీ:
నలుపు మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాకు కావాల్సింది నలుపే. డిజైన్ పని నాది, పెచ్చులూడని మెరిసే నలుపు జిర్కోనియం గాజు మీద వస్తుందా? వోల్టేజీతో రంగులేస్తారు కదా టైటానియానికి, అది దీనికి నప్పుతుందా?

పొరలపొరలు:
రెండు వేర్వేరు సంగతులివి. వోల్టేజీతో వేసేది కూడా పారదర్శక పొరే, ఒక్కో వోల్టుకి రెండు నానోమీటర్లు, ఆ చుట్టుపక్కల పెరుగుతుంది. దాంతో బంగారం, ఊదా, నీలం వస్తాయి గానీ నలుపు రాదు. మెటాలిక్ గ్లాస్‌కి ఇక్కడ ఒక అందం ఉంది. మామూలు టైటానియంలో ఒక్కో గ్రెయిన్ ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది, దిక్కుని బట్టి పొర కాస్త తేడాగా పెరుగుతుంది. లెన్సు పెట్టి చూస్తే రంగు గళ్లు గళ్లుగా ఉంటుంది. గాజులో గ్రెయిన్లే లేవు, రంగు చెరువు నీళ్లలా సాఫీగా పరుచుకుంటుంది.

ఇబ్బంది రాగితోనే. ఉప్పు కలిసిన ద్రావణం అయితే రాగి ఉన్న జిర్కోనియం గాజుకి గుంటలు పడతాయి, క్లోరైడ్ అంటే దీనికి పడదు. టైటానియం చార్టు చూసి "ఇన్ని వోల్టులకి ఈ రంగు" అనుకుంటే మోసపోతారు, మీ లోహానికి మీరే చార్టు రాసుకోవాలి.

నలుపు సంగతి వేరు. జిర్కోనియా పూర్తిగా ఆక్సిజన్ తింటే తెలుపు, కొంచెం ఆకలితో ఉంటే నలుపు. జిర్కోనియం-నియోబియం లోహాన్ని గాలిలో 500 డిగ్రీల దగ్గర కాల్చి 5 మైక్రాన్ల నల్లటి పొర పెంచి మోకాలి, తుంటి కీళ్లకి వాడుతున్నారు. అది మామూలు స్ఫటిక లోహం, ఆ వేడిని తట్టుకుంటుంది. మన విట్-105 400 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఇంకో అరవై, డెబ్బై డిగ్రీలు దాటితే స్ఫటికమైపోతుంది. నలుపు కోసం గాజుని పోగొట్టుకోవడం నాకైతే ఇష్టం లేదు.

నగిషీ:
బంగారంతో చేసిన మెటాలిక్ గ్లాస్ ఉందంటారు కదా, దానికైనా ఈ గోల ఉండదా?

కొలిమి_తాత:
అసలు లోహపు గాజు పుట్టిందే బంగారంతో. 1960లో కాల్‌టెక్‌లో పోల్ డ్యువెజ్ బృందం బంగారం-సిలికాన్ ద్రవాన్ని సెకనుకి పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి పట్టుకున్నారు. అది గది వేడికే ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత 2005లో 18 క్యారెట్ల రకం వచ్చింది. పరమాణువుల్లో బంగారం 49 శాతం, రాగి 26.9, సిలికాన్ 16.3, కాస్త వెండి, పల్లాడియం. బరువులో బంగారం 76 శాతం. 130 డిగ్రీలకే మెత్తబడుతుంది.

పొరలపొరలు:
ఇక్కడ మాత్రం కొత్తచేయి గారి మొదటి ప్రశ్న మళ్లీ వస్తుంది. బరువులో ముప్పావు వంతు బంగారం, అయినా ఆ లోహం వాడుకలో నెలలు తిరిగేసరికి ఎర్రబారుతుంది! దోషం బంగారానిది కాదు. సిలికాన్ ఆక్సిజన్‌ని పట్టుకుని పై పొరలో సిలికాగా మారిపోతుంది, దాంతో గాజు నిర్మాణం అక్కడ కూలిపోతుంది. విడిపడ్డ రాగి పైకి జారి ఆక్సైడ్, సల్ఫైడ్ అవుతుంది. చెమట తగిలితే ఇంకా తొందర. రాగి పైకొస్తే ఏం జరుగుతుందన్న దానికి ఇదే సరైన ఉదాహరణ. ప్లాటినం రకాలు ఈ విషయంలో బుద్ధిమంతులు, గాలిలో మెత్తబరిచి నొక్కినా రంగు తిరగవు.

సన్నరేకు:
నాలుగు రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి. మూడు పనులు చేశాను.

ఒకటి, రెండో థర్మోకపుల్. రెండు కొసల మధ్య తేడా 4 డిగ్రీలు, అదీ నీలం వచ్చిన కొసే చల్లన. తాతగారూ, పందెం పోయింది 🙏

రెండు, పట్టీని మళ్లీ పాలిష్ చేసి తిప్పి పెట్టాను, అంతకుముందు బంగారు రంగు వచ్చిన కొస ఇప్పుడు ఆర్గాన్ వచ్చే వైపు. ఈసారి ఆ కొసే నీలం. రంగు పట్టీది కాదు, పైపుది.

మూడు, ఆక్సిజన్‌ని పట్టీకంటే ముందే తినేయాలని ఆర్గాన్ వచ్చే వైపు ఒక పడవలో (ఫర్నేస్‌లో పెట్టే చిన్న పళ్లెం) జిర్కోనియం తురుము పోసి ఉంచాను. పట్టీ వెండిలాగే వచ్చింది, పక్కన కొత్తది పెట్టి చూస్తే తప్ప తెలియనంత లేత గడ్డి రంగు ఉందేమో. తురుము మాత్రం నీలం, ఆకుపచ్చ, గులాబీ కలిసి రంగులపొడిలా అయింది.

కొలిమి_తాత:
పందెం పోయినా దిగులు లేదు, తురుము ఫొటో పెట్టండి, అది చూడాలి నాకు. ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడు చుక్కలేమయ్యాయి? వాటి గురించి అందరూ మర్చిపోయారు.

సన్నరేకు:
అదే నాకూ అంతు పట్టలేదు. తిప్పి పెట్టినప్పుడు నీలంలో రెండు, బంగారంలో ఒకటి, అవే చోట్ల మళ్లీ కనబడ్డాయి. తురుము పెట్టి చేసినప్పుడు ఒక్కటీ కనబడలేదు. లెన్సులో చూస్తే ఒక్కో చుక్క నక్షత్రంలా ఉంది, నడుమ నుంచి ఐదారు చేతులు. నీలం మీద చేతులు ఇత్తడి రంగులో ఉన్నాయి, చుట్టూ సన్నటి వంగపండు అంచు.

రిబ్బన్_రోల్:
చేతులున్న నక్షత్రమంటే స్ఫటికం. పోతలోనే పుట్టింది, మీరు 380కి వేడిచేయడం వల్ల కాదు. పాలిష్ చేసినా అవే చోట్ల రావడం అంటే అది లోతుగా ఉంది.

దీనికి మూలం కూడా ఆక్సిజనే కావచ్చు, కానీ పైనున్నది కాదు, లోపల కరిగినది. జిర్కోనియం గాజుల్లో ద్రవంలో ఆక్సిజన్ పెరిగేకొద్దీ గాజుగా నిలపడానికి కావాల్సిన చల్లార్చే వేగం విపరీతంగా పెరుగుతుంది. మీ ముడి జిర్కోనియం ఏ రకం? సాదా స్పాంజా, ఆక్సిజన్ బాగా తక్కువుండే క్రిస్టల్ బార్ రకమా?

సన్నరేకు:
సాదా స్పాంజే. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికముంటే సూదిలాంటి పీకులు చూపే ఎక్స్-రే పరీక్ష) మాత్రం గుట్టలాంటి వెడల్పాటి హంప్ ఒక్కటే, పీకులేమీ లేవు.

పొరలపొరలు:
ఉండవు. మూడు సూదిమొనలు పట్టీలో ఎంత వాటా? ఎక్స్‌ఆర్‌డీకి ఒకటి రెండు శాతం దాకా స్ఫటికం ఉన్నా ఆనకపోవచ్చు. మీ ఫర్నేస్ లీకు చేసిన మేలు ఇదే. స్ఫటికం మీద పొర తక్కువగా పెరిగింది, చుట్టూ 70 అయితే దాని మీద 50. ఆ 20 నానోమీటర్లే నీలం మీద ఇత్తడి చుక్కగా కనబడింది. యాసిడ్‌తో పైపొర కొరికించి, అంటే ఎచ్ చేసి, చూడకుండానే రంగు మీకు ఎచ్ చేసి చూపించింది.

అందుకే మొదటి పోస్టులోని రెండో ప్రశ్నకి నా జవాబు: పట్టీ పాడవ్వలేదు, పోత సరిగ్గా లేదు. ఈ రెండూ వేరు.

నిర్వాహకులు:
ఎచ్ మాటొచ్చింది కాబట్టి ఒక మనవి. జిర్కోనియం ఆక్సైడ్ తీయడానికి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ వంటకాలు ఇక్కడ రాయొద్దు, అది చర్మం దాటి ఎముక దాకా పోయే విషం. పాలిష్ కూడా తడిగానే చేయండి, జిర్కోనియం పొడి అంటుకుంటుంది. విట్-1 (ఇదే కుటుంబంలో ఇంకో గాజు) వాడేవాళ్లకి మరీ మరీ: అందులో పరమాణువుల్లో 22.5 శాతం బెరీలియం, పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకే.

కొత్తచేయి:
నాది చివరి సందేహం. పొర ఎంతసేపు పెరుగుతుంది? గంట బదులు పది గంటలుంచితే పదింతలు మందమా?

పొరలపొరలు:
కాదు. పొర మందమైన కొద్దీ ఆక్సిజన్‌కి దారి పొడుగవుతుంది, నడక నెమ్మదిస్తుంది. ఆక్సిజన్‌కి కొరత లేకపోతే మందం వర్గం కాలంతో పాటు పెరుగుతుంది, రెండింతలు కావాలంటే నాలుగింతల టైము. అందుకే బంగారు రంగు చకచకా వస్తుంది, దాన్ని దాటి నీలం రావడానికి మళ్లీ అంత సేపు పడుతుంది. సన్నరేకు గారి గొట్టంలో మాత్రం ఈ లెక్క నడవలేదు, అక్కడ ఆక్సిజనే దొరక్క పట్టీ కూర్చుని ఉంది.

సన్నరేకు:
దాన్నీ పరీక్షించాను. అదే పోతలోంచి కోసిన చిన్న ముక్కని పాలిష్ చేసి 400 దగ్గర మామూలు గాలిలో పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆరో నిమిషంలో బంగారం, పదమూడో నిమిషంలో నీలం. 50కి 70 అంటే నిష్పత్తి 1.4, వర్గం చేస్తే రెండు. నా ఆరూ పదమూడూ దానికి దగ్గరగానే ఉన్నాయి. ఈ ముక్కకి మొత్తం ఒకే నీలం, కొసలూ నడుమా తేడా లేదు. చుక్కలు మాత్రం రెండు ఉన్నాయి.

క్రిస్టల్ బార్ జిర్కోనియం కొంచెం దొరికింది. వచ్చే వారం దాంతో పోత పోస్తాను. అందులోంచి ఒక ముక్క కోసి, తురుమూ వద్దు ఆర్గానూ వద్దు, ముందు గాలిలోనే పదమూడు నిమిషాలు కాలుస్తాను. చుక్కలు ఎన్నో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.

కొలిమి_తాత:
ఈసారి సున్నా అని నా పందెం.

రిబ్బన్_రోల్:
ఒకటి. ఆర్క్ మెల్టర్‌లో గెట్టర్ బటన్ (మిగిలిన ఆక్సిజన్‌ని తినేసే లోహపు ముద్ద) ముందు కరిగించడం మర్చిపోతే నాలుగు.